ఆకు కలిపిన నెయ్యి: చేదు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆపాలి
(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో ఆహార రసాయనంపై చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే విషయం మీలో కొందరికి ఇబ్బందిగా తోచవచ్చునని నాకు తెలుసు. అయినా కావాలనే దీన్ని ఎంచుకున్నాను. ఇక్కడ కూర్చున్న పెద్దలలో చాలామంది పిల్లలు కెనడాలోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడ్డారు. అక్కడ గంజాయి చట్టబద్ధమైంది. దాన్ని నేతిలోనో వెన్నలోనో కాచి, ఆ నెయ్యితో కేకులు, బిస్కెట్లు ఇంట్లోనే చేసుకునేవారు ఉన్నారు. అటువంటి వంటకాన్ని రుచి చూసి వచ్చినవారు ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే: పచ్చిగడ్డి నమిలినట్టుందని, మింగాక కూడా గొంతులో చేదు మిగిలిపోయిందని. ఆ చేదు ఎందుకు వస్తుంది, దానికి వంటింటి శాస్త్రంలో విరుగుడు ఏమిటి అన్న ప్రశ్న ఆహార రసాయనం బోధించిన నాకు ఎంతో ఆసక్తికరమైనది. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికే చోటు మన మునగాకు నెయ్యి దగ్గర, మన గోంగూర దగ్గర, మూలికలతో కాచే మన ఆయుర్వేద నేతుల, అంటే ఘృతాల దగ్గర ఉంది.

వంటలోకి వెళ్ళేముందు చట్టం సంగతి స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత కొనలు, చరస్ అంటే దాని జిగురు. ఈ రెండింటినీ దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం నేరం. అనుమతి లేకుండా మొక్కను పెంచడమూ నేరమే. పూత కొనలు కలవని ఆకు మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు. భంగు ఆ ఆకుతో చేసేదే కనుక దాని నియంత్రణ రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల చేతిలో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. 2022లో ఒక బెంగళూరు కేసులో మన కర్ణాటక హైకోర్టు బెయిలు ఇస్తూ, భంగు ఆ చట్టం నిషేధించిన పానీయాలలోకి రాదని పేర్కొంది. అయితే ఒక బెయిలు ఉత్తర్వును ఇంట్లో వండుకోవడానికి అనుమతిపత్రంగా ఎవరూ భావించకూడదు. కనుక గంజాయి నేతి గురించి నేను చెప్పేదంతా అది చట్టబద్ధమైన దేశాలకు, అక్కడి పెద్దవయసు వారికి వర్తించేదని గ్రహించండి. మనం ఇక్కడ నిర్భయంగా వండుకోగలిగినదేమిటో చివర చెబుతాను.

ఇక చేదు సంగతి. మనిషి నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాల రకాలు ఒకటి రెండే. చేదును గుర్తించేవి మాత్రం ఇంచుమించు 25 రకాలు. ప్రకృతిలో విషాలు ఎక్కువగా చేదుగా ఉంటాయి కాబట్టి వాటిని పసిగట్టడానికి శరీరం ఇన్ని కాపలాలు పెట్టుకుంది. అందువల్లనే చేదును ఒక్క చక్కెరతో కప్పేయాలనుకునే వంట ఎప్పుడూ ఓడిపోతుంది. ఒక గ్రాహకాన్ని మభ్యపెడితే మరొకటి పట్టుకుంటుంది. తీపి ముందు తగిలి కరిగిపోయాక చేదు ఒంటరిగా వెనుక మిగులుతుంది. ఆ వంటకాలు తిన్నవారు చెప్పే గొంతు చేదు ఇదే. తీపిని ఇంకా పెంచమని సలహా ఇచ్చేవారితో నేను ఏకీభవించను. చేదు పుట్టిన చోటే దాన్ని ఆపాలి.

అది పుట్టే చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది ఆకుపచ్చదనం. ఆకులోని పత్రహరితానికి నూనెను ప్రేమించే పొడవాటి తోక ఒకటి ఉంటుంది. అందుకే ఆకును నేతిలో కాస్తే నెయ్యి ఆకుపచ్చగా మారుతుంది. దానితో పాటు ఆకు మీది మైనమూ, పచ్చివాసననిచ్చే పదార్థాలూ దిగుతాయి. ఆ పత్రహరితం కూడా కాచేకొద్దీ స్థిరంగా ఉండదు. మీరు గోంగూర ఉడికించినప్పుడు చూసే ఉంటారు: పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకే ఆకు పచ్చదనం పోయి మట్టిరంగులోకి దిగుతుంది. గోంగూర పులుపు పత్రహరితం మధ్యలో ఉన్న మెగ్నీషియాన్ని ఊడదీయడం వల్ల జరిగే మార్పు అది. అదే పాలకూరను మూత పెట్టకుండా కొద్దిసేపు ఉడికిస్తే ఆవిరితో కొంత ఆమ్లం బయటకు పోయి రంగు నిలుస్తుంది. గంటల తరబడి కాచిన గంజాయి నెయ్యి బురదరంగుకు రావడానికీ ఇదే కారణం. రంగు అలా మారిందంటే లోపలి రుచి కూడా మారిందనే అర్థం.

రెండవది నీళ్ళలో కరిగే వగరు, చేదు పదార్థాలు, వాటితో పాటు దుమ్మూ ధూళీ. మూడవది మాడిన చేదు, అంటే వేడి ఎక్కువై పుట్టినది. మెంతులు దోరగా వేగితే ఎంత కమ్మగా ఉంటాయో, క్షణం ఆలస్యమై నల్లబడితే పోపంతా ఎంత పాడవుతుందో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఈ మూడింటిలో రెండవదానికి మందు చాలా పాతది. భంగు ఆకును మందులో వాడే ముందు శుద్ధి చేయాలని ఆయుర్వేదం చెబుతుంది. ఆకును నీళ్ళలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి, నీడన ఆరబెట్టి, ఆ తరువాత ఆవు నేతిలో మెల్లగా వేయించడం అందులో ఒక పద్ధతి. దీన్ని కేవలం ఆచారమనుకోకండి. ఈ మొక్కలో మత్తును కలిగించే పదార్థం నీళ్ళలో దాదాపు కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. 1964లో ఇజ్రాయెల్‌లో మెకౌలం, గావోని అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి నిర్మాణం తేల్చారు. మనం టీహెచ్‌సీ అని వింటున్నది అదే. ఆ నిర్మాణం ఎవరికీ తెలియని కాలంలోనే, నీళ్ళు తీసుకుపోయేది ఒకటి, నెయ్యి పట్టుకునేది మరొకటి అని మన వైద్యులు చేతి అనుభవంతో తెలుసుకున్నారు. ఈ రోజు విదేశాలలో ఇంటి వంటవాళ్ళు ఆకును ముందుగా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మార్చి, క్షణకాలం మరిగే నీళ్ళలో ముంచి తీసి, రుచి చాలా మెరుగైందని చెప్పుకుంటున్నారు. ఆ పని వెనుక ఉన్న తర్కం ఇదే. నీళ్ళు పారబోసేటప్పుడు చూడండి, మొదటి నీళ్ళు టీ డికాషన్ రంగులో వస్తాయి. ఆ రంగంతా లేకపోతే వంటకంలోకి వచ్చి ఉండేది.

ఇక నెయ్యి కాచడం. మన ఇళ్ళలో వెన్న కాచేటప్పుడు చివర గుప్పెడు మునగాకో, ఒక తమలపాకో, నాలుగు కరివేపాకు రెబ్బలో వేస్తాం. ఆ పని ఎంత ఖచ్చితంగా జరుగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వెన్నలోని నీరంతా పోయి, చిటపట శబ్దం తగ్గి, పైనున్న నురుగు విరిగి, అడుగున మడ్డి ఎర్రబడటం మొదలైన ఘడియలో ఆకు పడుతుంది. ఒక్కసారిగా చురచురమంటుంది, ఆకు అంచులు ముడుచుకుంటాయి, పెళుసుగా మారుతుంది, అంతే, మంట ఆపేస్తాం. నెయ్యికి ఆకు వాసన వస్తుంది కాని ఆకు పసరు రాదు. ఇంకొంచెం సేపు ఉంచితే ఆకూ మాడుతుంది, మడ్డీ మాడుతుంది, నెయ్యి చేదెక్కుతుంది. ఆయుర్వేదంలో ఘృతాలు కాచేవారు కూడా మృదువు, మధ్యమం, ఖరం అని పాకాన్ని మూడుగా విభజించుకున్నారు. లోపలి కల్కాన్ని, అంటే నూరిన మూలికల ముద్దను, వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా రావాలి, ఆ వత్తిని మంటలో పెడితే చిటపటలాడకూడదు. నీరు పూర్తిగా పోయిందనడానికి అది గుర్తు. ఒక పాలు కల్కానికి నాలుగు పాళ్ళు నెయ్యి, పదహారు పాళ్ళు ద్రవం అన్న కొలత కూడా అందరికీ తెలిసినదే. ఆ పదహారు పాళ్ళ ద్రవం అక్కడ ఎందుకుంది అని నేను విద్యార్థులను అడిగేదాన్ని. నీరు ఉన్నంతసేపు పాత్రలోని వేడి మరిగే నీటి వేడిని పెద్దగా దాటదు. ఆకు మాడదు, నెయ్యి మాడదు, నీళ్ళలో కరిగేది నీళ్ళలోకి పోతుంది.

ఈ సూత్రాన్నే గంజాయి నేతికి అన్వయించినవారికి మంచి ఫలితం వస్తుంది. నేతిలో ఆకుతో పాటు నీళ్ళు పోసి, పాత్రను మరొక నీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి, బుడగలు వచ్చీ రానట్టుగా ఉంచి, వడకట్టి, చల్లని చోట పెడితే నెయ్యి పైన గడ్డకడుతుంది, కింద గోధుమరంగు నీరు మిగులుతుంది. గడ్డను ఎత్తి ఆ నీటిని పారబోస్తే చేదులో చాలా భాగం దానితోనే పోతుంది. కావాలంటే మళ్ళీ తేట నీళ్ళతో ఒకసారి కరిగించి కడగవచ్చు.

వడకట్టడంలో చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. మనం కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి, కాసేపు ఉంచి గట్టిగా పిండుతాం. అక్కడ కారిన రసాన్ని పారేస్తాం, ముక్కను వండుకుంటాం. ఇక్కడ వ్యవహారం తలకిందులు. పారేసేది పిప్పిని, ఉంచుకునేది కారినదాన్ని. కాబట్టి చివరి చుక్క వృథా కాకూడదని గుడ్డను మెలిపెట్టి పిండితే ఆకులో ఆగిపోయిన పసరు, మైనం, నలుసులు అన్నీ నేతిలోకి దిగుతాయి. గుడ్డను వేలాడదీసి, దానంతట అదే కారేదాన్ని మాత్రమే తీసుకోవాలి. ఆకును మెత్తగా పొడి చేయకూడదనడానికీ ఇదే కారణం. పొడి ఎంత మెత్తనైతే అంత పసరు, అంత చేదు.

ఇంత చేశాక కూడా కొంత చేదు, కొంత మూలికల వాసన మిగులుతాయి. వాటికి తగిన తోడు చూడాలి. ఈ మొక్క సువాసనలో ఉన్న పదార్థాలు మన పోపుడబ్బాకు పరాయివి కావు: మిరియాలలో, లవంగాలలో ఉండే కారియోఫిలీన్ ఇందులో ఉంది, ధనియాలకు వాసననిచ్చే లినలూల్ ఉంది, నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమొనీన్ ఉంది, మామిడిలో, నిమ్మగడ్డిలో ఉండే మిర్సీన్ ఉంది. హోళీ నాడు కాశీలో భంగు కలిపే ఠండాయిని గమనించండి. మిరియాలు, సోంపు, ఏలకులు, గసగసాలు, గులాబీ రేకులు, బాదం, పాలు. మిరియం ఆకు ఘాటును తనలో కలుపుకుంటుంది. బాదం, పాలలోని కొవ్వు చేదు పదార్థాలను తనలో కరిగించుకుని నాలుకకు తగలనివ్వదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ కొన్నింటిని పట్టి ఉంచుతుంది. తీపి చివర తన పని తాను చేస్తుంది. ఎవరు ఎప్పుడు కూర్చారో కాని ఆ దినుసుల్లో అనవసరమైనది ఒక్కటీ నాకు కనిపించదు.

ఉప్పును మరచిపోకండి. ఉప్పులోని సోడియం చేదును అణచివేస్తుందని, అలా అణచినప్పుడు తీపి మరింత బయటపడుతుందని 1997లో బ్రెస్లిన్, బోషాంప్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో చూపించారు. మన పెద్దలు బెల్లం పాకంలో చిటికెడు ఉప్పు వేయడం, ఉగాది పచ్చడిలో వేపపువ్వు పక్కన ఉప్పును ఉంచడం ఊరికే జరిగినవి కావు. చేదు నేతితో తీపి చేసేవారు చక్కెరను ఒక చెంచా పెంచే బదులు ఉప్పును చిటికెడు వేస్తే వచ్చే మార్పు ఎక్కువ.

ఇక ఏ వంటకం దీనికి తగుతుంది? నా అభిప్రాయంలో చేదుకు ఇప్పటికే చోటున్న వంటకమే తగుతుంది. కోకో, కాఫీ, దోరగా వేగిన నువ్వులు, ముదురు బెల్లం, వేయించిన మినప్పిండి, ఇవన్నీ తమలో కొంత చేదును గౌరవంగా మోసేవి. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీని పొద్దున్నే ఇష్టంగా తాగే ఈ ఊరివారికి అది చెప్పనవసరం లేదు. అదే పాలకోవా, కొబ్బరి లౌజు, పూతరేకులు వంటి సుకుమారమైన తీపిలో ఈ నెయ్యి పడితే ఆ తీపి పాడవుతుంది, చేదు మరింత కనిపిస్తుంది. పూతరేకుల్లో మంచి నేతి వాసన తప్ప మరొకటి ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నాకు ఎక్కువ పట్టింపు ఉన్న మాట చెబుతాను. రుచిని బాగుచేయడం వేరు, ఆనవాలును చెరిపేయడం వేరు. మొదటిది చేయండి, రెండవది చేయవద్దు అని విదేశాల్లో ఉన్న మీ పిల్లలకు చెప్పండి. కెనడాలో 2018 అక్టోబరు 17న గంజాయి చట్టబద్ధమైంది. సరిగ్గా ఏడాది తరువాత తినుబండారాలకు అనుమతి వచ్చింది. అక్కడ దుకాణంలో అమ్మే పొట్లానికి టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించకూడదు. పిల్లలు తెరవలేని ప్యాకింగు ఉండాలి, పిల్లలను ఆకర్షించే రూపం ఉండకూడదు. వారు శుద్ధి చేసిన సారంతో ఏ వాసనా లేకుండా చేసినా పొట్లం మీద హెచ్చరిక ఉంటుంది. ఇంట్లో చేసిన లడ్డూ మీద ఏ హెచ్చరికా ఉండదు. నెయ్యి ఎంత జాగ్రత్తగా కలిపినా ఒక ఉండలో ఎక్కువ, మరొక ఉండలో తక్కువ పడుతుంది. ఎంత ఉందో కొలిచే సాధనం వంటింట్లో లేదు. ఆ వాసన, ఆ కొద్దిపాటి చేదు మాత్రమే తినేవారికి ఇది మామూలు లడ్డూ కాదని తెలియజేస్తాయి. అవి రెండూ పోయిన నాడు అది స్టీలు డబ్బాలో ఉన్న మరొక తీపి పదార్థం మాత్రమే, ఇంటికి వచ్చిన మనవడు మూత తీసి నోట్లో వేసుకుంటాడు. తినుబండారాలకు అనుమతి వచ్చాక చిన్నపిల్లలు పొరపాటున తిని ఆసుపత్రి పాలైన ఘటనలు పెరిగాయని కెనడా పరిశోధకులే నమోదు చేశారు.

రుచి బాగున్నప్పుడు పెద్దవారికి కూడా ప్రమాదం ఉంది. పొగ పీల్చినప్పటిలా కాకుండా, తిన్నది అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియనివ్వదు. జీర్ణమై కాలేయంలో మరింత తీవ్రమైన రూపంలోకి మారాక ఒక్కసారిగా పైకి వస్తుంది, గంటల తరబడి ఉంటుంది. రుచిగా ఉందని, ఇంకా ఏమీ కాలేదని రెండవ ముక్క తిన్నవారే ఎక్కువగా ఆందోళనతో, గుండెదడతో, వాంతులతో వైద్యుల దగ్గరకు వెళ్తారు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, మానసిక వ్యాధులకు మందులు వాడుతున్నవారు దీని జోలికి పోకూడదు. తెలియకుండా ఎవరికైనా పెట్టడం ఏ దేశంలోనైనా ఘోరమే. పండుగ సరదా పేరుతో అలా చేసేవారిని నేను క్షమించలేను.

మనం ఇక్కడ చట్టం అనుమతితో వండుకోగలిగినది అదే మొక్క జాతి గింజ. హెంప్ గింజలు, వాటి నూనె, పిండి ఆహారంగా అమ్మడానికి మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2021 నవంబరులో అనుమతించింది. గింజలో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు కూడా పెట్టింది. అంటే మత్తు ప్రసక్తి లేని ఆహారం. ఉత్తరాఖండ్‌లోని కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఈ గింజను వేయించి, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు కలిపి నూరిన చట్నీ తరతరాలుగా ఇంటింటి వంట. పప్పుల కమ్మదనం, నువ్వుల జిడ్డు రెండూ ఉంటాయి. రాగి సంకటితో గాని జొన్నరొట్టెతో గాని తినదగినది. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మీ నోటికి అది కొత్తగా అనిపించదు.

సభలో ఒక అమ్మగారు ఇప్పుడే అడిగారు, ఆ గింజలతో పొడి కొట్టుకుంటే వారంలోనే చేదెక్కిందని, గింజలు పాడైనవి కొన్నానేమోనని. చాలా మంచి ప్రశ్న అమ్మా. గింజలు తెచ్చినప్పుడు బాగానే ఉండి ఉంటాయి. ఈ గింజలో మూడో వంతుకు దగ్గరగా నూనె ఉంటుంది, అదీ గాలి తగిలితే త్వరగా ముక్కిపోయి చేదెక్కే రకం. పొడి చేయగానే గాలి తగిలే చోటు పెరుగుతుంది. పొయ్యి పక్క గూట్లో పెడితే వేడి కూడా తోడవుతుంది. గింజను మందపాటి మూకుడులో సన్నని మంట మీద, చిటపటలాడటం మొదలయ్యేదాకా మాత్రమే వేయించండి. రంగు ముదిరేదాకా ఆగితే అక్కడే చేదు మొదలవుతుంది. పూర్తిగా చల్లారాక ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచి, చివర రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి తిప్పండి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ఒక వారానికి సరిపడా చేసుకుని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మిగిలిన గింజలను పొడి చేయకుండా అలాగే ఫ్రిజ్‌లోనే దాచుకోండి.